భగత్ సింగ్‌ని ఉగ్రవాది అని మా పాప వాదించాలట, ఏం చెప్పాలి?

గుంటూరు నాన్న:

అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో క్లాసు. వచ్చే శుక్రవారం వాళ్ళ స్కూల్లో డిబేట్ ఉంది, టాపిక్ "భగత్ సింగ్ వీరుడా, ఉగ్రవాదా". చీటీలు తీయిస్తే మా పాపకి ఉగ్రవాది అనే వైపు వచ్చింది. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగ్ సోఫాలో పడేసి ఆ చీటీ నా చేతిలో పెట్టింది, నాలుగు మడతల కాగితం, గుప్పిట్లో పట్టుకునే వచ్చినట్టుంది, చెమటకి ఇంకు అలుక్కుపోయింది. అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. పడుకునే ముందు మాత్రం "నాన్నా నేను ఇది చెప్తే తాతయ్యకి కోపం వస్తుందా" అని అడిగింది. మా నాన్నగారు పోయి మూడేళ్ళయింది. హాల్లో ఆయన ఫోటో పక్కనే భగత్ సింగ్ బొమ్మ ఉంటుంది, టోపీ పెట్టుకున్నది, ఆయనే ఫ్రేమ్ కట్టించుకున్నారు, ఆగస్టు పదిహేనుకి దానికి దండ వేసిన తర్వాతే టిఫిన్ చేసేవారు.

నేను ఏదో సర్దిచెప్పాను గానీ నాకే నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను గ్రూప్స్‌కి చదివిన రోజుల్లో నోట్సులో "విప్లవ తీవ్రవాదం" అనే హెడ్డింగ్ కింద భగత్ సింగ్, చంద్రశేఖర్ ఆజాద్ పేర్లు నేనే రాసుకున్నాను, అప్పుడు ఏమీ అనిపించలేదు, మార్కుల కోసం చదువుకుంటూ పోయాను. ఇప్పుడు కూతురు అడిగేసరికి నోట మాట రావట్లేదు. ఇవాళ ఎవరైనా పార్లమెంటులో బాంబు వేస్తే మనం ఏమంటాం, ఆయన వేసింది కూడా అసెంబ్లీలోనే కదా? ఈ తేడా నేను పిల్లకి నిజాయితీగా ఎలా చెప్పాలి? స్కూల్ వాళ్ళతో మాట్లాడి వైపు మార్పించమంటారా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

హిస్టరీ మాస్టారు, రాజమండ్రి:

నాన్న గారూ, వైపు మార్పించకండి. ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి చరిత్ర చెప్తున్నాను, ఈ ప్రశ్న ప్రతి సంవత్సరం ఏదో ఒక బెంచీ నుంచి వస్తుంది, నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు జరిగింది చూద్దాం. 1928 అక్టోబర్ 30న లాహోర్‌లో సైమన్ కమిషన్‌కి నల్లజెండాలు చూపించిన ఊరేగింపు మీద ఎస్పీ స్కాట్ లాఠీచార్జి చేయించాడు. లాలా లజపతిరాయ్‌కి దెబ్బలు తగిలాయి, నవంబర్ 17న చనిపోయారు. సరిగ్గా నెలకి, డిసెంబర్ 17న, స్కాట్‌ని చంపాలని కాపు కాసి పొరపాటున సాండర్స్ అనే కుర్ర ఆఫీసర్‌ని కాల్చేశారు. మొదటి గుండు రాజ్‌గురుది, ఆ తర్వాత భగత్ సింగ్ కాల్చాడు. వెంటపడి పట్టుకోబోయిన హెడ్ కానిస్టేబుల్ చనన్ సింగ్‌ని ఆజాద్ కాల్చాడు, ఆయనా చనిపోయాడు. మన పాఠాల్లో ఈ చనన్ సింగ్ పేరు దాదాపు ఉండదు. మీ పాపకి వచ్చిన వైపు ఏ వాదన ఉన్నా ఇక్కడే ఉంది, ఆ పిల్లని ఈ పేరు చెప్పమనండి.

ఇక అసెంబ్లీ సంగతి. 1929 ఏప్రిల్ 8న ఢిల్లీలో భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ రెండు బాంబులు వేశారు. బెంచీల వెనక ఖాళీ చోటు చూసి వేశారు, కొందరికి చిన్న గాయాలయ్యాయి, ఎవరూ చావలేదు. కరపత్రాలు విసిరారు, చెవిటివాళ్ళకి వినిపించాలంటే పెద్ద చప్పుడు కావాలి అని అందులో రాశారు. పారిపోవచ్చు, పారిపోలేదు, అక్కడే నిలబడి పట్టుబడ్డారు. కోర్టే వాళ్ళకి కావలసిన వేదిక. మీ నాన్నగారు ఫ్రేమ్ కట్టించుకున్న ఆ టోపీ ఫోటో ఉంది చూశారా, అది ఆ బాంబులకి కొద్ది రోజుల ముందు ఢిల్లీలో స్టూడియోకి వెళ్ళి తీయించుకున్నదే. తిరిగి రానని తెలిసి తీయించుకున్న ఫోటో అండీ అది. నేను క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు ఒకసారి పుస్తకంలో ఆ బొమ్మ వైపు చూస్తారు.

ఇప్పుడు మాట గురించి. "టెర్రరిస్ట్" అనేది ఆ రోజుల్లో బ్రిటిష్ వాళ్ళు ఫైళ్ళలో రాసుకునే మాట, నిజమే, కానీ విప్లవకారులు కూడా ఆ మాటకి ఉలిక్కిపడలేదు. 1930 జనవరిలో గాంధీ గారు బాంబుల మార్గాన్ని తప్పుపడుతూ రాస్తే దానికి భగత్ సింగ్ సహచరుడు భగవతీ చరణ్ వోహ్రా రాసిన జవాబు కరపత్రంలో, టెర్రరిజమే పూర్తి విప్లవం కాదు, అది లేకుండా విప్లవం పూర్తీ కాదు అని తేటగా ఉంది. అప్పుడు ఆ మాటకి అర్థం, పాలకుడిలో భయం పుట్టించడం. బస్సులో, బజార్లో ఎవరు ఉన్నారో కూడా చూడకుండా పేల్చేయడం అనే అర్థం మన చెవికి ఎక్కింది తర్వాత రోజుల్లో. పాత చరిత్రకారులు పాత అర్థంలో వాడిన మాటని మనం కొత్త చెవితో వింటున్నాం. 2016లో ఢిల్లీ యూనివర్సిటీలో ఒక చరిత్ర పుస్తకం మీద ఇదే గొడవ జరిగింది, భగత్ సింగ్ కుటుంబం వాళ్ళు అభ్యంతరం చెప్పారు, హిందీ అనువాదం అమ్మకం ఆపేశారు. మీరు నోట్సులో రాసుకున్న హెడ్డింగ్ కూడా ఆ పాత అర్థంలోంచి వచ్చిందే, దానికి మీరు బాధపడక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద సాక్షి ఆయనే. ఉరికి దాదాపు యాభై రోజుల ముందు, 1931 ఫిబ్రవరి 2న, జైల్లోంచి యువ కార్యకర్తలకి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. పైకి నేను టెర్రరిస్టులా ప్రవర్తించినట్టే కనిపిస్తుంది, కానీ నేను టెర్రరిస్టుని కాను, మొదట్లో బహుశా కొన్నాళ్ళు తప్పితే ఎప్పుడూ కాను, ఆ పద్ధతుల వల్ల మనకి ఒరిగేదేమీ లేదు అని రాశాడు. రైతుల్లోకి, కార్మికుల్లోకి వెళ్ళి ఏళ్ళ తరబడి ఓపిగ్గా పని చేయండి అన్నాడు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు, ఉరికంబం ఎదురుగా ఉంది, "నేను మొదట్లో తప్పు దారిలో ఉన్నాను" అనే అర్థం వచ్చే మాట రాయడానికి ఎంత గుండె కావాలి. ఆ తర్వాత మార్చి 20న పంజాబ్ గవర్నర్‌కి ఇంకో ఉత్తరం: మేం రాజు మీద యుద్ధం చేశామని మీ కోర్టే తీర్పిచ్చింది, అంటే మేం యుద్ధ ఖైదీలం, ఉరి వేయకండి, తుపాకులతో కాల్చండి అని. మూడు రోజుల తర్వాత ఉరే వేశారు.

నాకు ఆయన వీరుడే. ఆ కుర్రాడు చేసిన ప్రతి పనికీ చప్పట్లు కొట్టాలని మాత్రం నేను పిల్లలకి చెప్పను.

పోరగాడు, కరీంనగర్:

అన్నా, తప్పుగ అనుకోకు, నాకైతే ఈ టాపిక్ పెట్టుడే నచ్చలే. ఉరితాడు దిక్కు నవ్వుకుంట పోయినోన్ని తీస్కచ్చి వీరుడా ఉగ్రవాదా అని చిన్నపిల్లల తోటి చీటీలు తీపిస్తరా. పరాయోడు మన ఇంట్ల జొర్రి మన పెద్దమనిషిని లాఠీతోని కొడితే కొడుకులు ఊకుంటరా? కోర్టు కోర్టు అంటున్నరు, ఏం కోర్టు అది. 1930 మే 1న వైస్రాయ్ ఇర్విన్ సాండర్స్ కేసు కోసం ఒక ఆర్డినెన్స్ తెచ్చి ముగ్గురు జడ్జీలతోని స్పెషల్ ట్రిబ్యునల్ పెట్టిండు, దాని మీద హైకోర్టుకు అప్పీల్ లేదు. కోర్టుల్నే పోలీసులు ముద్దాయిల్ని కొట్టిన్రు, దీంట్ల నా పాత్ర లేదు అని రాసిన జస్టిస్ ఆగా హైదర్‌ని తీసేసి ట్రిబ్యునలే మార్చిన్రు. అక్టోబర్ 7న తీర్పు. పొద్దుగాల ఉరి తీసుడు రివాజు, వీళ్ళని మార్చి 23 సాయంత్రమే తీసిన్రు, శవాలు ఇంటోళ్ళకి ఇయ్యకుంట రాత్రికి రాత్రి సట్లెజ్ ఒడ్డుకు కొంచవోయి కాలవెట్టిన్రు. భయం పుట్టిచ్చుడే ఉగ్రవాదం అయితే గీ పని చేసినోళ్ళను ఏమనాలె? అదే కేసుల ముద్దాయి జతిన్ దాస్ జైల్ల 63 రోజులు తిండి మాని పాణం ఇడిసిండు, 1929 సెప్టెంబర్ 13. ఉగ్రవాది అన్నోడు తోటి ఖైదీలకు మంచి తిండి, పేపరు, పుస్తకాలు ఇయ్యిమని పాణం ఇడుస్తడా చెప్పున్రి.

పాపకు చెప్పు అన్నా, తాతయ్యకు కోపం రాదు గని నాకైతే కోపం వస్తుంది అని.

కానిస్టేబుల్ గారి అమ్మాయి:

నేను ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. చనన్ సింగ్ పేరు చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా నాన్న బెటాలియన్‌లో కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యారు. మా చిన్నప్పుడు ఏజెన్సీలో కూంబింగ్ డ్యూటీకి వెళ్ళేవారు, అప్పుడు సెల్‌ఫోన్లు లేవు, పది రోజులు పదిహేను రోజులు కబురు ఉండేది కాదు. వెళ్ళే ముందు రోజు రాత్రి మా అమ్మ పేపరు పరుచుకుని కూర్చుని బ్రాసోతో ఆయన బెల్టు బకిల్ రుద్దేది, మెరిసే వరకూ రుద్దేది, మెరిసిన తర్వాత కూడా రుద్దుతూనే ఉండేది. ఇప్పటికీ ఆ వాసన వస్తే నాకు కడుపులో ఏదోలా అవుతుంది. మందుపాతర అని పేపర్లో వస్తే పక్కింటావిడ పేపరు మాకు కనపడకుండా దాచేసేది, దాచిందంటేనే అర్థమైపోయేది ఏదో జరిగిందని. మా నాన్న తిరిగొచ్చారు. మా క్వార్టర్స్ లైన్లో రెండిళ్ళ వాళ్ళు రాలేదు.

ఆ రాని వాళ్ళు ఎవర్నీ దోచుకోలేదు. ఉద్యోగం కోసం ఎత్తు కొలిపించుకుని, పరుగెత్తి సెలెక్ట్ అయిన పల్లెటూరి పిల్లలు. చనన్ సింగ్ కూడా అంతే అయ్యుంటాడు కదండీ. ఎవడో ఇద్దరు మనిషిని కాల్చి పరుగెడుతుంటే పట్టుకోవాలని వెంటపడ్డాడు, అది ఆయన డ్యూటీ. భగత్ సింగ్ అంటే నాకు గౌరవం లేక కాదు. మా తమ్ముడి పేరు భగత్, మా నాన్నే పెట్టారు! కానీ ఇప్పుడు అడవిలో తుపాకీ పట్టుకున్న మావోయిస్టులు కూడా మేమూ ప్రజల కోసమే అంటారు. 2018 సెప్టెంబర్ 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారినీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారినీ లివిటిపుట్టు దగ్గర కారు ఆపి కాల్చేశారు, ఇద్దరూ గిరిజనులే. ఇక్కడ ఏ కొలతతో కొలవాలి మాస్టారూ? ప్రజల కోసం అనే మాట ఒక్కటీ సరిపోతుందా?

పోరగాడు, కరీంనగర్:

అక్కా, మీ పోస్టు రెండు సార్లు చదివిన. చనన్ సింగ్ పేరు నేను ఇయ్యాలనే ఇన్న, నిజం చెప్తున్న. నా మాటల మీ నాయన లాంటోళ్ళను అన్నట్టు అనిపిస్తే మాఫ్ చెయ్యి. భగత్ సింగ్ మీద నా అభిమానం తగ్గదు, గని ఆ పేరు ఇంక మర్వ.

మన్యం మనిషి, కొయ్యూరు వైపు:

కొలత గురించి అడిగారు కాబట్టి మా వైపు సంగతి చెప్తాను. మాది కొయ్యూరు దగ్గర పల్లె. ఇప్పుడు మా జిల్లాకి 2022 నుంచి అల్లూరి సీతారామరాజు పేరే ఉంది. నూరేళ్ళ కిందట ఇదే మనిషి తల మీద సర్కారు పది వేల రూపాయలు పెట్టింది. కాగితాల్లో ఆయన పేరు ఫితూరీదారు, అంటే తిరుగుబాటుదారు. మా ముసలాళ్ళు కూడా పితూరీ అనే అనేవారు గానీ వాళ్ళ నోట్లో అది తిట్టు కాదు, పితూరీ రోజులు అంటే మా ఊళ్ళో కరువు సంవత్సరం, వరద సంవత్సరం అన్నట్టు ఒక కాలం లెక్క.

ఎందుకు లేచారు జనం? 1882 అడవి చట్టం వచ్చాక పోడు కొట్టుకోడానికి లేదు, కట్టెపుల్ల తెచ్చుకుంటే జరిమానా. నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయడానికి మనుషుల్ని తోలుకెళ్ళారు, ఆరణాలు ఇవ్వాల్సిన చోట రెండణాలు చేతిలో పెట్టేవారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు, గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ పేరు తలుచుకుంటే మా ముత్తవ్వ ఉమ్మేసేదట. 1922 ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి, వరసగా మూడు రోజులు మూడు పోలీస్ స్టేషన్లు. తీసుకెళ్ళిన తుపాకుల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టారంటారు.

కానిస్టేబుల్ గారి అమ్మాయికి నేను చెప్పాలనుకున్నది దామనపల్లి సంగతి. 1922 సెప్టెంబర్ 24. ఘాట్ ఇరుకులో బలగం నడిచి వస్తోంది, రాజు గారి మనుషులు పైన రాళ్ళ చాటున ఉన్నారు. ముందు నడుస్తున్న మన సిపాయిల్ని పోనిచ్చారు, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల ఆఫీసర్లని కాల్చారు. మనవాళ్ళ మీద చెయ్యి వేయొద్దని రాజు గారి ఆజ్ఞ. నేను ఆ ఘాట్‌లో చాలాసార్లు నడిచాను, పైన నుంచి చూస్తే కింద దారిలో మనిషి టోపీ దాకా కనపడుతుంది, అంత దగ్గరలో ఉండి వేలు ట్రిగ్గర్ మీద పెట్టుకుని ఒక్కొక్కణ్ణీ వదిలేస్తూ ఉండాలంటే ఎంత నిగ్రహం ఉండాలి. ఎవరిని కాల్చాడు అనే లెక్క అందరూ వేస్తారు, నేను ఎవరిని వదిలేశాడు అని చూస్తాను. అరకులో ఆ ఇద్దరినీ వదల్లేదు.

అలాగని అందంగా ఏమీ గడవలేదు. రాజు గారు కొండల్లో ఉన్నన్నాళ్ళూ దెబ్బలు తిన్నది ఊళ్ళే. మలబార్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చారు, అన్నం పెట్టావా అని ఇళ్ళు సోదా చేసి కొట్టారు. మా ముత్తాత చెయ్యి అప్పుడే విరిగిందట, వంకరగానే అతుక్కుంది, చచ్చేదాకా ఆ చేత్తో కత్తి పట్టలేకపోయాడు. ఎవరిని తిట్టాడో తెలుసా, పోలీసుల్నీ తిట్టేవాడు, "రాజు బాబు మా ఊరు రాకుండా ఉంటే బాగుండేది" అని కూడా అనేవాడట, మళ్ళీ దసరాకి రాజు పేరు మీద కోడి కోసేవాడు. ఈ రెండూ ఒక్క మనిషిలోనే ఉన్నాయి. 1924 మే 7న మంప దగ్గర పట్టుకుని కొయ్యూరు తెచ్చి గుడాల్ అనే తెల్ల ఆఫీసర్ కాల్చి చంపాడు, పారిపోబోతే కాల్చామని రాసుకున్నారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆయన పక్కన పోరాడిన గాం మల్లుదొర ఉరిశిక్ష తప్పించుకుని అండమాన్ వెళ్ళొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకి ఎంపీగా వెళ్ళాడు. అదే మనిషి! పట్టిచ్చిన వాళ్ళకి వెయ్యి రూపాయలని సర్కారు చాటింపు వేసింది ఆయన మీదే.

హిస్టరీ మాస్టారు, రాజమండ్రి:

మన్యం మనిషి గారూ, "ఎవరిని వదిలేశాడు" అనే మాట రేపు క్లాసులో వాడుకుంటాను, మీ ఊరి పేరు చెప్పే వాడుకుంటాను.

అమ్మా, మీ ప్రశ్నకి నాకు తోచింది చెప్తాను. ప్రజల కోసం అనే మాట సరిపోదు, ఎవరైనా అనగలిగే మాట అది. చట్టంలో వెతుకుదామంటే ఐక్యరాజ్యసమితి ఇన్నేళ్ళుగా కూర్చుని అందరూ ఒప్పుకునే ఒక్క నిర్వచనం రాయలేకపోయింది. మండేలా గారు నోబెల్ శాంతి బహుమతి తీసుకుని, దేశాధ్యక్షుడై దిగిపోయాక కూడా 2008 దాకా అమెరికా టెర్రరిస్టు జాబితాలో ఆయన పేరు తీయలేదు. కాబట్టి ముద్ర ఎవరు వేశారు అనేది నేను చూడను. ఎదుటివాడు ఆయుధంతో ఉన్నాడా లేదా, నోరు తెరిచి అడిగే దారి ఆ దేశంలో ఎంత ఉంది, చేసిన పనికి వెలుగులోకొచ్చి నేనే చేశానని నిలబడ్డాడా, ఇవి చూస్తాను. కొద్దిమందికి తప్ప ఓటు లేదు, హైకోర్టుకి అప్పీల్ లేదు అనే రాజ్యంలో భగత్ సింగ్ బతికాడు. ఓట్లతో గెలిచి ఊళ్ళోకొచ్చిన మనిషిని కారు ఆపి కాల్చడం ఆ లెక్కలోకి రాదు, నా వరకు. మరి చనన్ సింగ్? ఏ కొలతతో చూసినా ఆ చావుని నేను సమర్థించలేను, సాండర్స్ చావు దగ్గర కూడా వాళ్ళే మర్నాడు గోడపత్రికలో మనిషి రక్తం చిందించినందుకు విచారిస్తున్నామని రాసుకున్నారు.

నాన్న గారూ, మీకొక్క సంగతి. 1930లో భగత్ సింగ్ తండ్రి కిషన్ సింగ్, సాండర్స్‌ని కాల్చిన రోజు మావాడు అసలు అక్కడ లేడు అని ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకున్నారు. ఏ తండ్రయినా అదే చేస్తాడు. కొడుకు అక్టోబర్ 4న తండ్రికి ఉత్తరం రాశాడు, వెన్నులో పొడిచినట్టుంది నాన్నా అని, ఇంకెవరైనా చేసుంటే ద్రోహం అనేవాణ్ణి అని. ప్రాణం కాపాడుకోడానికి అబద్ధం వద్దన్నాడు. మీ పాప వేదిక ఎక్కి ఆయన గురించి కష్టమైన నిజం ఒకటి చెప్తే ఆ ఫోటోలో మనిషికి కోపం రాదు. మీ నాన్నగారికీ రాదనుకుంటాను.

గుంటూరు నాన్న:

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి పాపని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చదివి వినిపించాను. కానిస్టేబుల్ గారి అమ్మాయి రాసింది వచ్చినప్పుడు బ్రాసో అంటే ఏంటి నాన్నా అని అడిగింది, మా నాన్నగారి పాత డబ్బా ఉంది, తీసి చూపించాను, మూత తీసి వాసన చూసి చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. మన్యం మనిషి గారి ముత్తాత చెయ్యి గురించి రెండోసారి చదివించుకుంది.

వైపు మార్చుకోనంది. మొదటి కార్డు మీద "చనన్ సింగ్, హెడ్ కానిస్టేబుల్, లాహోర్" అని రాసుకుంది, రెండో కార్డు మీద 1931 ఫిబ్రవరి 2 అని రాసి కింద ఖాళీ వదిలింది. అవతలి వైపు వాళ్ళు ఆ ఉత్తరం సంగతి చెప్పకపోతే నేనే చెప్తాను, నా వైపు ఓడిపోయినా పర్లేదు అంటోంది. ఇవాళ పొద్దున్నే స్టూల్ వేసుకుని ఫోటో తుడిచింది, ఎప్పుడూ నేను చెప్తే గానీ చేయదు.

మాస్టారూ, ఆ ఫిబ్రవరి ఉత్తరం తెలుగులో మీ దగ్గర ఉంటే గురువారం రాత్రి లోపు పంపగలరా? ఇంగ్లీషుది నేను చదివి చెప్పగలను గానీ, తన నోటితో తను తెలుగులో చదువుతానంటోంది.